బస్సెక్కిన నూట పదిహేడో పంపు

సుభాషిణి పాత పంచెగుడ్డను నాలుగు మడతలు పెట్టి కడవ మూతికి కట్టి, బిందెలోని నీళ్ళు సన్నధారగా ఒంపుతోంది. గుడ్డ మీద ముందు నాచు నిలిచింది, తర్వాత ఇసుక నిలిచింది, ఆ తర్వాత ఒక పురుగు నిలిచి అటూ ఇటూ చూసింది. పురుగును వేలితో తీసి గడప అవతల వదిలి మళ్ళీ ఒంపింది. అవి వాగులో చెలమ తవ్వి తెచ్చిన నీళ్ళు. మూడు నెలలుగా బండమీదపల్లెలో ప్రతి ఇంట్లోనూ తెల్లారగానే ఇదే పని. ఊరికి ఉన్న ఒక్క చేతిపంపుకీ తలలో గొలుసు తెగింది, బేరింగు అరిగింది. హ్యాండిలు అలిగిన ఏనుగు తొండంలా నేలకు వాలిపోయింది.

గూట్లో కెమెరా, ట్యాబూ పక్కపక్కనే ఛార్జింగుకు ఉన్నాయి. వాటి వంక చూస్తూ నాయనమ్మ ఓబులమ్మ చింతపండులో గింజలు తీస్తోంది.

"ఊరూరి పంపులకూ ఫొటోలు తీస్తావు. మన పంపేం పాపం చేసిందే?" అంది.

సుభాషిణి నీళ్ళు ఒంపుతూనే ఉంది. ఆ పిల్ల మామూలుగానే మాటలు తక్కువ మనిషి. పైగా ఆ ప్రశ్నకు జవాబు తన దగ్గర లేదు, ట్యాబులో ఉంది. మన పంపు ఫొటో కెమెరాలో ఎప్పుడో దిగింది. ట్యాబులోకి మాత్రం దిగలేదు.

సుభాషిణి చేతిపంపుల సంరక్షణ విభాగంలో కాంట్రాక్టు ఉద్యోగి. చెడిపోయిన పంపుకు కెమెరాతో ఫొటో తీయాలి, దాన్ని ట్యాబులోకి మార్చాలి, ట్యాబు నుంచి ఆఫీసుకు పంపాలి. ఫొటో చేరితే పంపు చెడిపోయినట్టు. చేరకపోతే పంపు బాగున్నట్టు. ట్యాబుకు కూడా కెమెరా ఉంది కదా, దానితోనే తీయొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కెమెరాలు ఒక అధికారి హయాంలో కొన్నారు, ట్యాబులు ఇంకొక అధికారి హయాంలో కొన్నారు. ట్యాబుతో ఫొటో తీస్తే మొదటి అధికారిని అవమానించినట్టు అవుతుందని, ట్యాబు కంటి మీద అట్టముక్క అంటించి, లక్క సీలు వేసి మరీ ఇచ్చారు.

ఇంతవరకూ కష్టమేమీ లేదు. ఇంటికొచ్చి, అన్నం తిని, వైరు కలిపితే ఫొటోలు మారిపోయేవి. పోయిన ఏడు డైరెక్టరు గారు కుటుంబంతో కొండప్రాంతానికి రైల్లో విహారానికి వెళ్ళకపోతే ఇప్పటికీ అలాగే మారుతుండేవి.

ఆయన తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చుని, కాళ్ళు చాపుకుని, కెమెరాలోని జలపాతాల ఫొటోలు ట్యాబులోకి మార్చుకున్నారట. రెండు సొరంగాలు దాటేలోపు నలభై రెండు ఫొటోలు మారాయట. ఇంటికి చేరేసరికి పనేమీ మిగల్లేదు. డైరెక్టరు గారికి ఇంటికి చేరేసరికి పని మిగలకపోవడం కొత్త కాదు గానీ, పని చేసినందువల్ల మిగలకపోవడం అదే మొదటిసారి. ఆ ఆనందం పట్టలేక పదిహేను రోజుల్లో 'చలన బదిలీ విధానము' అనే సర్క్యులరు పంపించారు.

"కూర్చున్నచోట జరుగు పని యందు అలసత్వమును, కదులుచుండగా జరుగు పని యందు నిజాయితీయును సహజముగా ఉండును. కావున ఇకమీదట ఫొటోలన్నియు ప్రయాణములో ఉండగా మాత్రమే కెమెరా నుండి ట్యాబునకు బదిలీ కావలెను."

ఊరికే చెప్పి వదిలేయలేదు. గంటకు ముప్పై కిలోమీటర్ల వేగం అందుకుంటే తప్ప ఫొటో తీసుకోకుండా ట్యాబులకు ఏర్పాటు చేయించారు. వేగం తగ్గితే మారుతున్న ఫొటో మధ్యలోనే ఆగి, "మీరు ప్రయాణించుట లేదు" అని ఎర్ర అక్షరాలు వస్తాయి. ఒక తెలివైన ఉద్యోగి ట్యాబును, కెమెరాను ఇంట్లో సీలింగు ఫ్యానుకు కట్టి తిప్పాడు. ట్యాబు నమ్మింది గానీ ఫ్యాను మోయలేకపోయింది. ఆ సంగతి బయటపడ్డాక రెండో సర్క్యులరు వచ్చింది. ప్రతి పంపు మెడకూ నంబరు వేసిన ఒక బిళ్ళను రివెట్లతో బిగించారు. ఆ బిళ్ళకు వంద గజాల లోపల ఉంటేనే ట్యాబు ఆ పంపు ఫొటో తీసుకుంటుంది. బిళ్ళ ఊడదీస్తే ఉద్యోగం ఊడుతుంది. అంటే పంపు దగ్గరే ఉండాలి, ముప్పై కిలోమీటర్ల వేగంతో పోతూ ఉండాలి.

రోడ్డు పక్క పంపులకు సుభాషిణి తొమ్మిదిన్నర బస్సును అలవాటు చేసుకుంది. ముందురోజు నడిచి వెళ్ళి ఫొటో తీసుకునేది. మర్నాడు బస్సులో కిటికీ పక్కన, వైరు కలిపి, పొలం గట్టున నక్కను చూసిన కుక్కలా పంపు కోసం కాచుకునేది. పంపు కనబడి మాయమయ్యేలోపు ఒక ఫొటో మారితే ఆ రోజుకు గెలిచినట్టు. గొర్రెలు అడ్డొచ్చినా, ఎవరైనా చెయ్యెత్తి బస్సు ఆపినా మళ్ళీ మర్నాడే. నెల తిరిగేసరికి బస్సులో అందరికీ ఈ సంగతి అలవాటైపోయింది. కండక్టరు రాహేలు పంపు రాబోయే ముందే గట్టిగా చెప్పేది. చంటిబిడ్డల తల్లులు కూడా ఊపిరి బిగబట్టేవాళ్ళు. ఒకసారి వేపలకుంట ముసలాయన తన స్టేజీ వచ్చినా లేవలేదు. దిగవా తాతా అని రాహేలు అడిగితే, "ఆపబాకమ్మా, ఆ పిల్ల బొమ్మ సగంలో ఉండాది" అని తరువాతి ఊళ్ళో దిగి, రెండు కిలోమీటర్లు వెనక్కి నడిచి వెళ్ళాడు.

బండమీదపల్లెకు మాత్రం బస్సు రాదు. తారురోడ్డు నుంచి రెండు కిలోమీటర్లు రాళ్ళదోవ. ఊళ్ళో ఉన్న వాహనాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి పంపు చుట్టూ పరీక్షకు దిగాయి. ఎడ్లబండి మీద ట్యాబు, "మీరు ప్రయాణించుట లేదు" అంది. ఎడ్లకు చదువు రాదు కాబట్టి పట్టించుకోలేదు. రామకోటి ట్రాక్టరు ఇరవై రెండు దాకా లాగి పొగ వదిలింది. అతని తమ్ముడి మోటారుసైకిలు ఇరవై ఎనిమిది అందుకుంది. వెనక కూర్చున్న సుభాషిణి వైరు పట్టుకునే ఉంది, ఆ పైన ఇద్దరూ ముళ్ళకంపలో ఉన్నారు. ఓబులమ్మ మనవరాలి మోచేతిలో ముళ్ళు తీస్తూ, ఇంకో రెండు కిలోమీటర్ల వేగం అందుకునుంటే పంపు బాగుపడేదనీ, నీళ్ళు తాగడానికి మీరిద్దరే ఉండేవాళ్ళు కారనీ అంది.

వేసవి పంపుల జాబితా శుక్రవారంతో మూసేస్తారు. అందులో లేని పంపు మళ్ళీ ఏడాది దాకా బాగున్నట్టే లెక్క. చెలమలో నీళ్ళు చూస్తే ఇంకో పది రోజులకు మించి వచ్చేలా లేవు. సోమవారం సుభాషిణి జిల్లా ఆఫీసుకు వెళ్ళింది.

ఆఫీసు అక్కడ లేదు. తాళం వేసిన తలుపు మీద "ఈ కార్యాలయము చలనములో ఉన్నది" అని బోర్డు ఉంది. కింద వేళలు రాసి ఉన్నాయి. గడియార స్తంభం దగ్గర పది నలభై, మార్కెట్టు యార్డు దగ్గర పది యాభై ఐదు. కింది ఉద్యోగులు కదులుతుండగా పై ఉద్యోగులు కూర్చోవడం భావ్యం కాదని మూడో సర్క్యులరు వచ్చిందని, ఆఫీసు మొత్తాన్ని ఒక పాత బస్సులోకి ఎక్కించి ఊరు చుట్టూ తిప్పుతున్నారని ఎదురుగా టీకొట్టాయన చెప్పాడు. అర్జీలు ఇచ్చేవాళ్ళు కొంచెం కాళ్ళల్లో బలం ఉన్నవాళ్ళను పంపడం మంచిదని కూడా చెప్పాడు. సుభాషిణి పల్లెటూరి పిల్ల కాబట్టి గడియార స్తంభం దగ్గర కాస్త పరిగెత్తి ఎక్కేసింది.

లోపల ఫైళ్ళను తాళ్ళతో సీట్లకు కట్టారు. గుమాస్తాలు ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో రాస్తున్నారు. డ్రైవరు వెనక సీట్లో డిప్యూటీ ఇంజనీరు దక్షిణామూర్తి గారు సంతకాలు చేస్తున్నారు. ఒక కాగితాన్ని ఎత్తి వెలుతురులో చూసి, గుమాస్తాను పిలిచి మందలించారు. సంతకం మరీ తిన్నగా ఉంది, ఇది బస్సు ఆగి ఉన్నప్పుడు చేసినట్టు అనుమానం వస్తుంది, వణుకు లేని సంతకం చెల్లదని మొన్ననే సర్క్యులరు వచ్చింది కదా అన్నారు. గుమాస్తా ఆ కాగితాన్ని దాచి, గుంతల రోడ్డు వచ్చాక మళ్ళీ తీసుకొస్తానన్నాడు.

సుభాషిణి తన ఊరి పంపు సంగతి, చెలమ సంగతి, మోటారుసైకిలు సంగతి చెప్పింది. దక్షిణామూర్తి గారు కళ్ళు మూసుకుని విన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఇరవై ఏడేళ్ళుగా సర్క్యులర్లు తప్ప ఇంకేమీ చదవనందువల్ల అలా మాట్లాడడం అలవాటైన మనిషి.

"అమ్మా, సదరు నూట పదిహేడవ పంపు యొక్క ఫొటో ట్యాబునందు లేదు. లేనందున పంపు చెడిపోలేదు. చెడిపోని పంపును బాగుచేయుట ప్రజాధనము యొక్క దుర్వినియోగము అగును."

"మరి మా ఊళ్ళో నీళ్ళెట్టా సార్?"

"మీ ఊరికి ముప్పది కిలోమీటర్ల వేగము గల రోడ్డు మంజూరైన పిమ్మట తప్పక పరిశీలించెదము."

మార్కెట్టు యార్డు దగ్గర దిగి వచ్చేసింది.

ఆ సాయంత్రం సుభాషిణి మాటలన్నీ విన్నాక ఓబులమ్మ చింతగింజలు పక్కకు నెట్టింది. బిళ్ళ పంపుకు ఉందా అని అడిగింది. ఉందన్నది మనవరాలు. ఊడదీయకూడదా అని అడిగింది. కూడదంది. పంపు బస్సు దగ్గర ఉండాలి, అంతేనా అని అడిగింది. సుభాషిణి తలూపింది.

"బిళ్ళను పంపు నుంచి తీయకూడదన్నారు గానీ, పంపును నేల మీద నుంచి తీయకూడదని ఎవరైనా రాశారటే?"

సుభాషిణి తన దగ్గరున్న సర్క్యులర్లన్నీ తీసి మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఎక్కడా రాసి లేదు. పంపు కదులుతుందని ఏ అధికారికీ తట్టనట్టుంది.

మర్నాడు పొద్దున రామకోటి స్పానరు తెచ్చి బోల్టులు ఊడదీశాడు. గొలుసు ఎటూ తెగే ఉంది కాబట్టి పంపు తల సుఖంగా చేతికొచ్చింది. మిగిలిన గొట్టం మూతికి గోనెపట్టా కట్టారు. బండమీదపల్లె ఆడవాళ్ళు నలుగురు చుట్టకుదురు పెట్టుకుని, ఒకరి తర్వాత ఒకరు మోస్తూ, తారురోడ్డు దాకా తెచ్చారు. పంపు మెడలో నూట పదిహేడో నంబరు బిళ్ళ తాళిబొట్టులా ఊగుతోంది.

బస్సు ఆగింది. రాహేలు పంపును చూసింది, ఆడవాళ్ళను చూసింది, సుభాషిణి చేతిలో వైరును చూసింది.

"ఆడోళ్ళ సీట్లో కూచోబెట్టండి. కిటికీ పక్కన. ఆ తొండం కాస్త లోపలికి పెట్టుకోమనండి, లారీలొస్తయ్యి" అంది.

బస్సు కదిలింది. వేగం ముప్పై దాటింది. బిళ్ళ మూడు అంగుళాల దూరంలో ఉంది. మూడు నెలలుగా కెమెరాలో కూర్చున్న ఫొటో, మంచినీళ్ళు తాగినంత సులువుగా ట్యాబులోకి మారిపోయింది. వేపలకుంట ముసలాయన పంపు నెత్తిన చెయ్యి పెట్టి నిమిరాడు. సాయంత్రానికి నూట పదిహేడో పంపు వేసవి జాబితాలో ఉంది.

గురువారం ఆఫీసు నుంచి మంజూరు ఉత్తర్వు వచ్చింది. డైరెక్టరు గారు స్వయంగా దాని మీద వ్యాఖ్య రాశారు. రాష్ట్రం మొత్తం మీద సిబ్బంది మాత్రమే కదులుతుండగా, ఒక పంపు తానే ముందుకు వచ్చి కదలడం ఆయన్ను కదిలించిందట. ఆ వ్యాఖ్య చదివి ఊరంతా సంతోషించింది. దాని కింది వాక్యం చదివి సంతోషం ఆపేసింది. "సదరు పంపు నమోదైన స్థలముననే, అనగా తొమ్మిదిన్నర బస్సు, ఎడమ వైపు, కిటికీ పక్క సీటు నందే మరమ్మతు జరుగవలెను. మరమ్మతు జరుగు వరకు పంపును స్థానభ్రంశము చేయరాదు."

పంపును మళ్ళీ తారురోడ్డు దాకా మోసి అదే సీట్లో కూర్చోబెట్టారు. మెకానిక్కు ఎప్పుడొస్తాడో ఉత్తర్వులో లేదు. పంపును ఒంటరిగా బస్సులో వదలడానికి ఊరికి మనసొప్పలేదు. రోజుకిద్దరు చొప్పున వంతులు వేసుకుని దానికి తోడు కూర్చున్నారు. పొద్దున ఎక్కి, సద్ది అక్కడే తిని, చీకటి పడేవేళకు దిగేవాళ్ళు. బస్సు డిపోకు చేరాక రాహేలు దాని మీద తన పాత చీర కప్పి వెళ్ళేది. చెలమకు వెళ్ళడానికి ఇద్దరు తగ్గారు, చెలమలో నీళ్ళూ తగ్గాయి. ఆదివారం సాయంత్రం కడవలోకి దిగిన నీళ్ళకన్నా గుడ్డ మీద నిలిచిన బురదే ఎక్కువ. సుభాషిణి దాన్ని పిండుతూ, తాను చేసింది మంచిపనో కాదో తెలియక, దులిపి మళ్ళీ కడవ మూతికి కట్టింది. ఓబులమ్మ మాత్రం, పంపు బాగై తిరిగొస్తే దానికున్నంత లోకజ్ఞానం ఊళ్ళో ఎవరికీ ఉండదంది.

సోమవారం మెకానిక్కు ఖాజావలి సంచీతో ఎక్కాడు. పంపులు బాగుచేయడంలో పదిహేనేళ్ళ అనుభవం ఉన్నవాడు. టిక్కెట్టు కొట్టించుకుని, పంపు పక్కన కూర్చుని, ఉత్తర్వును మళ్ళీ ఒకసారి చదువుకున్నాడు.

"నేను ఎండలో చేశాను, వానలో చేశాను. పేషంటు నాతోపాటు టిక్కెట్టు కొనుక్కుని కూచోవడం ఇదే చూడ్డం" అన్నాడు.

ఇరవై కిలోమీటర్లలో పాత గొలుసు తీసి కొత్తది వేశాడు. మరో పదిహేనులో బేరింగు మార్చాడు. ముందు సీటు పిల్లలు నట్లు పట్టుకున్నారు. అయిపోయిందని అందరూ లేవబోతే సుభాషిణి మెల్లగా అసలు సంగతి చెప్పింది. మరమ్మతు పూర్తయినట్టు ఇంకో ఫొటో కావాలి. అందులో పంపు నుంచి నీళ్ళు వస్తూ ఉండాలి. అది కూడా ఇక్కడే, ప్రయాణంలోనే.

రాహేలు తన నీళ్ళ సీసా మూత తీసి ఖాజావలికి ఇచ్చింది. వెనక సీట్ల నుంచి ఒక్కొక్క సీసా చేతులు మారుతూ ముందుకొచ్చింది. పెళ్ళికి పోతున్న ఒకాయన సోడా ఇవ్వబోతే, నురగ వస్తే ఆఫీసు వాళ్ళు పాల కేంద్రం అనుకుంటారని ఖాజావలి వద్దన్నాడు. పంపు తల వెనక నుంచి అతను ఒంపాడు, రామకోటి భార్య హ్యాండిలు ఊపింది, పంపు మూతి నుంచి నీళ్ళు ధారగా వచ్చి బిందెలో పడ్డాయి. సుభాషిణి ఫొటో తీసి, వైరు కలిపి, ట్యాబులోకి మార్చింది. ఇంతలో బిందె నిండింది. మూడు నెలల తర్వాత నూట పదిహేడో పంపు ఇచ్చిన మొదటి బిందె అది. అవి ఎవరి నీళ్ళో వాళ్ళకు తిరిగి పోశారు.

ఆ సాయంత్రమే పంపు ఇంటికొచ్చింది. ఖాజావలి, ఉత్తర్వులో లేకపోయినా, వెంట నడిచొచ్చి గొట్టానికి బిగించి, నాలుగుసార్లు హ్యాండిలు కొట్టాడు. ఐదోసారికి గుర్రుమంది. ఎనిమిదోసారికి నీళ్ళొచ్చాయి. వాటికి గుడ్డ కట్టాల్సిన పని లేదు.

తొమ్మిది రోజులు సుఖంగా గడిచాయి. పదో రోజు పొద్దున ట్యాబు కూసింది. "నూట పదిహేడవ పంపు నిలిచిపోయినది. కారణము తెలుపుడు." ఆ రోజు మధ్యాహ్నమే దక్షిణామూర్తి గారు వచ్చారు. జీపు రాళ్ళదోవ మొదట్లోనే మొరాయించడంతో ఫైలు చంకలో పెట్టుకుని రెండు కిలోమీటర్లు నడిచారు. చెమటతో వచ్చి మంచం మీద కూలబడితే ఓబులమ్మ నాలుగు మడతల పంచెగుడ్డ ఇచ్చింది మొహం తుడుచుకోమని. వడగట్టే పని లేక అది దండెం మీద ఊరికే ఉంటోంది. చెంబుతో నీళ్ళిచ్చింది. ఆయన తాగి, ఇంకో చెంబు అడిగి తాగారు.

ఊపిరి అందాక వచ్చిన పని చెప్పారు. నూట పదిహేడవ పంపును రాష్ట్రంలోకెల్లా మొదటి సంచార పంపుగా డైరెక్టరు గారు ప్రకటించారు. ఇకమీదట పంపు ప్రజల వద్దకే ప్రయాణించును. పై నెల పెద్దలు చూడడానికి వస్తున్నారు. అటువంటి పంపు తొమ్మిది రోజులుగా ఒకేచోట నిలబడి ఉందని కంప్యూటరు చెబుతోంది. చలనంలో లేని పక్షంలో రేపు ఉదయం తొమ్మిదిన్నరకు దానిని తిరిగి సీటు నందు కూర్చుండబెట్టవలెను.

ఓబులమ్మ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. నోరు తెరవబోయి మనవరాలి వంక చూసింది. సుభాషిణి ఎప్పుడూ మాట్లాడదు కాబట్టి ఆమె గొంతు సవరించుకోవడం ఇద్దరికీ వినబడింది.

"సార్, ఆ పంపు కదులుతానే ఉందండి."

"ఎక్కడమ్మా?"

"ఒకసారి వినండి."

దక్షిణామూర్తి గారు విన్నారు. కిటికీ అవతల నుంచి హ్యాండిలు చప్పుడు వస్తోంది. ఆయన రెండు చెంబులు తాగిన సేపూ అది ఆగలేదు.

"తెల్లారగట్ట నాలుగింటికి మొదలైద్దండి. ఊరు పడుకున్నాక ఆగిద్ది. బస్సన్నా స్టేజీలో ఆగిద్ది గానీ, ఇది ఆగదండి."

ఆయన కళ్ళు మూసుకున్నారు. పెదవులు కదిలాయి. చలనమనగా స్థలము మారుటయా, లేక అవయవము కదలుటయా అన్నది ఏ సర్క్యులరు నందును నిర్వచింపబడలేదని తనలో తాను అనుకుంటున్నారు. ఇరవై ఏడేళ్ళలో మొదటిసారి ఒక ఖాళీ ఆయనకు ఉపయోగపడుతోంది. కళ్ళు తెరిచి, ఫైలు విప్పి, మోకాలి మీద పెట్టుకుని చకచకా రాశారు. "సదరు పంపు నిరంతర చలనములో ఉన్నదనియు, బస్సు కంటె ఎక్కువ కాలము కదులుచున్నదనియు స్వయముగా విచారించి ధ్రువీకరించడమైనది. కావున దానిని ప్రస్తుత స్థలము నుండి కదల్చనక్కరలేదు." కింద తేదీ వేశారు. సంతకం చేయడానికి కలం ఆనించి, ఆగిపోయారు.

మంచం కదలడం లేదు. ఇల్లు కదలడం లేదు. నడిచొచ్చిన అలుపు కూడా నీళ్ళతో తీరిపోయి, చెయ్యి రాయిలా నిలకడగా ఉంది. ఇక్కడ సంతకం చేస్తే ముత్యంలా తిన్నగా వస్తుంది. తిన్నని సంతకం చెల్లదు. సుభాషిణికి విషయం అర్థమైంది. ఏందయ్యా ఆగావని ఓబులమ్మ అడిగింది.

దక్షిణామూర్తి గారు కిటికీలోంచి బయటికి చూశారు. పంపు దగ్గర రామకోటి భార్య హ్యాండిలు ఊపుతోంది. అది ఆమె తల దాకా లేస్తోంది, మోకాలి దాకా దిగుతోంది. దాని పిడి దగ్గర జానెడు వెడల్పున నున్నటి చోటు, ఒక కాగితం ఆనేటంత ఉంది.

ఆయన లేచారు. ఫైలు చంకలో పెట్టుకున్నారు. కలం మూత పళ్ళ మధ్య కరుచుకుని, గడప దాటి, పంపు వైపు నడిచారు.